ఉప్పునీటి చేపలకు తెల్లచుక్కలు: ట్యాంకులో మైలుతుత్తం వేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఎనిమిది నెలలైంది. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక క్లీనర్ రొయ్య, రెండు మెత్తటి కోరల్స్, కొంత లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా ఉండే సముద్రపు రాళ్ళు) ఉన్నాయి. మూడు వారాల కిందట బెంగళూరు నుంచి ఒక బ్లూ ట్యాంగ్ తెచ్చి నేరుగా ట్యాంకులోనే వదిలినాను. వారం తిరిగేసరికి దాని రెక్కల మీద తెల్లచుక్కలు వచ్చినాయి. షాపాయనకు ఫోన్ చేస్తే వేడి 30 డిగ్రీలకు పెంచి మిథిలీన్ బ్లూ వేయమన్నాడు. మూడు రోజుల్లో చుక్కలన్నీ పోయినాయి. సంతోషపడినాం. ఐదారు రోజులకు మళ్ళీ వచ్చినాయి, ఈసారి ముందుకన్నా చాలా ఎక్కువ. ఒక క్లౌన్‌ఫిష్‌కు కూడా అంటుకున్నాయి. రెండో క్లౌన్‌ఫిష్‌కు చుక్కలు లేవు గానీ ఒంటి మీద తెల్లటి జిగురు పొరలా లేస్తోంది, తిండి మానేసింది. ఇప్పుడు షాపాయన ట్యాంకులోనే కాపర్ వేయమంటున్నాడు. అదే అయితే చీనీ తోటకు తెచ్చిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఇంట్లోనే ఉంది, చిటికెడు వేస్తే సరిపోతుంది కదా అని మా నాయన అంటున్నాడు. అమ్మ పసుపు వేయమంటోంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చేపలను బయటికి తీయాల్సి వస్తే, ఖాళీ ట్యాంకులో పాప కోసం ఒకటి రెండు చిన్న చేపలు వేసుకోవచ్చా?

సమాధానం:

మైలుతుత్తం సంచి మళ్ళీ తోటకే పంపించేయండి. పసుపు డబ్బా వంటింట్లోనే ఉండనివ్వండి. రెండింటికీ కారణం కింద చెప్తాను. ఈ రాత్రికి మాత్రం మూడు పనులు చేయండి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెడితే మిగిలిన మిథిలీన్ బ్లూను లాగేస్తుంది. వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 26కు దించండి. అన్నిటికన్నా ముందు అమోనియా టెస్ట్ చేయండి. మిథిలీన్ బ్లూ రాళ్ళలో ఉండి నీళ్ళను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. చేపలు ఎగపోస్తున్నట్టు కనిపిస్తే పురుగే కారణమనుకుంటాం, చాలాసార్లు అది అమోనియా దెబ్బ. రీడింగ్ సున్నా కాకపోతే అదే ఉప్పు శాతంతో కలిపిన నీళ్ళతో పావు వంతు మార్చండి.

ఇక రోగం సంగతి. దాని పేరు తప్ప మిగతాదంతా మీ ఉత్తరంలోనే ఉంది. చుక్కలు రావడం, మూడు రోజుల్లో పోవడం, వారంలోపే ఇంకా ఎక్కువై తిరిగి రావడం. ఈ లెక్క క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవిది. చేపలు పెంచేవాళ్ళు మెరైన్ ఇక్ అంటారు. ఉప్పు రవ్వ సైజులో మీకు కనిపించిన ప్రతి చుక్క చేప పైచర్మం కిందికి దూరి, అక్కడి కణాలను తింటూ పెరుగుతున్న ఒక్కో పురుగు. అది మూడు నుంచి ఏడు రోజులు తిని, కడుపు నిండాక తనంతట తానే చేపను వదిలి కిందికి దిగుతుంది. మీరు సంతోషపడిన రోజున జరిగింది ఇదే. మందు వేసినా వేయకపోయినా ఆ చుక్కలు అప్పటికి పోయేవే. కిందికి దిగిన పురుగు రాయికో ఇసుకకో అద్దానికో అతుక్కుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. లోపల చీలిపోతూ చీలిపోతూ ఒక్క గూటి నుంచి 200 దాకా పిల్లలు ఈదుకుంటూ బయటికొస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. మీ 200 లీటర్లలో అవి చేప కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

దీని మీద పోరాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. చర్మం కింద ఉన్నప్పుడు మందు దాన్ని చేరదు, గూట్లో ఉన్నప్పుడూ చేరదు. దొరికేది ఈదే పిల్ల దశలో మాత్రమే. గూడు పగలడానికి మూడు రోజులు పట్టొచ్చు, నాలుగు వారాలు పట్టొచ్చు, 72 రోజుల దాకా ఆగినట్టు కూడా నమోదైంది. అందుకే ఐదు రోజుల మందు కోర్సులు దీని మీద పనిచేయవు. చుక్కలు కనపడకపోయినా మొప్పల లోపల కొన్ని మిగిలే ఉంటాయి, అక్కడికి మన కన్ను పోదు.

మీ షాపాయన చెప్పిన వేడి వైద్యం ఉత్త అబద్ధం కాదు. మంచినీటి చేపలకు వచ్చే తెల్లచుక్కల రోగం వేరే జీవి వల్ల వస్తుంది. దాని మీద 30 డిగ్రీల వేడి, కొంచెం ఉప్పు కలిపి వాడితే నిజంగానే పనిచేస్తుంది. గోల్డ్‌ఫిష్, మోలీలు అమ్మే షాపుల్లో అదే అలవాటు. సముద్రపు ఇక్ పుట్టిందే వెచ్చటి సముద్రాల్లో, 30 డిగ్రీలు దానికి హాయి. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు అది రెండో దెబ్బ.

ఇక్ కాకుండా వెల్వెట్ అనే ఇంకో రోగం అయితే పరిస్థితి వేరు. వెల్వెట్ చుక్కలు విడివిడిగా లెక్కపెట్టేంత పెద్దగా ఉండవు. లైట్లన్నీ ఆపేసి, టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి చూస్తే ఒళ్ళంతా సన్నటి బంగారు రంగు పొడి చల్లినట్టు ఉంటుంది. చేప వెలుగుకు దూరంగా పోతుంది, పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్ళను తోసే పంపు) ప్రవాహానికి ఎదురుగా నిలబడి గబగబా ఊపిరి తీస్తుంది, తిండి ఒక్కసారిగా మానేస్తుంది. అమైలోడినియం అనే ఈ జీవి మొప్పల మీదే ముందు పడుతుంది, ఒంటి మీద పొడి కనిపించేసరికి చేపకు మిగిలేది రెండు మూడు రోజులే. మీ ట్యాంగ్ రెండు వారాలుగా చుక్కలతో తిరుగుతూ ఇంకా మేత తింటోందంటే వెల్వెట్ అయ్యే అవకాశం చాలా తక్కువ. అయినా టార్చ్ పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని. మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో రోజూ ఒకే వేళకు లెక్కపెట్టి రాసుకోండి. అంకె పెరుగుతూ పోతుంటే ఆగకూడదు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది జిగురు లేస్తున్న ఆ రెండో క్లౌన్‌ఫిష్. చుక్కలు లేకుండా తెల్లటి పొర ఊడిరావడం, తిండి మానేయడం బ్రూక్లినెల్లా అనే ఇంకో ఏకకణ జీవి లక్షణాలు. క్లౌన్‌ఫిష్‌లకు ఇది ఎంత మామూలంటే దానికి క్లౌన్‌ఫిష్ జబ్బు అనే పేరే పడిపోయింది. ఇది గూడు కట్టదు. చేప మీదే రెండుగా చీలుతూ పెరిగిపోతుంది, అందుకే తొందరగా ముదురుతుంది. కాపర్ దీని మీద పనిచేయదు. షాపాయన మాట విని ఈపాటికే ట్యాంకులో కాపర్ పోసి ఉంటే రొయ్య చచ్చేది, కోరల్స్ చచ్చేవి, ఈ క్లౌన్‌ఫిష్ కూడా దక్కేది కాదు.

ఊహతో మందు వేయడం ఇష్టం లేకపోతే ఒక దారి ఉంది. మీ ఊళ్ళో డిగ్రీ కాలేజీలకు తక్కువ లేదు, జువాలజీ ల్యాబ్ ఉన్నచోట మైక్రోస్కోపు ఉంటుంది. చేపను తడి చేత్తో పట్టుకుని, కవర్ స్లిప్ (స్లైడ్ మీద కప్పే పలచటి గాజు ముక్క) అంచుతో తల వైపు నుంచి తోక వైపుకు మెల్లగా గీసి ఆ జిగురును ఒక చుక్క ట్యాంకు నీళ్ళతో స్లైడ్ మీద వేయాలి. పది పదిహేను నిమిషాల్లో చూడాలి, ఎండిపోతే ఏమీ తెలియదు. అందుకని చేపను బకెట్‌లో ల్యాబ్‌కు తీసుకుపోవడమో, మైక్రోస్కోపు ఉన్న లెక్చరర్‌ను బతిమాలి ఇంటికి పిలవడమో చేయాలి. గుండ్రంగా, పెద్దగా, నెమ్మదిగా తిరుగుతూ ఉంటే ఇక్. చిక్కుడు గింజ ఆకారంలో ఉండి చకచకా కదిలితే బ్రూక్లినెల్లా. పియర్ పండు ఆకారంలో నల్లగా, కదలకుండా అతుక్కుని ఉంటే వెల్వెట్. లెక్చరర్లకు ఇలాంటివి సరదాగానే ఉంటాయి, అడగడానికి మొహమాట పడకండి.

ఆ క్లౌన్‌ఫిష్‌ను ఈరోజే వేరే బకెట్‌లోకి తీయండి. వెంటనే ఊరటనిచ్చేది మంచినీటి స్నానం. క్లోరిన్ లేని మంచినీళ్ళను ట్యాంకు నీళ్ళ వేడికే తెచ్చి, వంటసోడా కొంచెం కొంచెం కలుపుతూ పీహెచ్ 8.2 దగ్గరికి తెచ్చి, గాలి గొట్టం వేసి బాగా ఆడించాక చేపను అందులో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. పక్కనే నిలబడి చూడాలి. వెల్లకిలా పడి తేరుకోకపోతే టైం చూడకుండా తీసేయాలి. అడుగు నల్లగా ఉండే టబ్బులో ఈ స్నానం చేయిస్తే ఇంకో లాభం. చేప ఒంటి మీద ఫ్లూక్స్ అనే చదునైన పురుగులు ఉంటే బయట కంటికి కనపడవు, గాజులా పారదర్శకంగా ఉంటాయి. మంచినీళ్ళు తగిలితే తెల్లబడి, రెండు మూడు మిల్లీమీటర్ల పలచటి బిళ్ళల్లా రాలి అడుగున కనిపిస్తాయి. అవి కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ మందు వాడాలి. గుడ్లను అది చంపదు కాబట్టి వారం లోపు రెండో డోసు తప్పదు.

మంచినీటి స్నానంతో బ్రూక్లినెల్లా తగ్గుతుంది గానీ పోదు. దానికి ఫార్మాలిన్ స్నానం కావాలి. 37 శాతం ఫార్మాలిన్‌ను 10 లీటర్ల ఉప్పునీళ్ళకు 1.5 మి.లీ. చొప్పున సిరంజితో కొలిచి కలిపి, గాలి గట్టిగా ఆడిస్తూ 45 నిమిషాలు ఉంచి, తర్వాత శుభ్రమైన కొత్త నీళ్ళలోకి మార్చాలి. ఒకరోజు వదిలి ఒకరోజు, రెండు మూడుసార్లు. సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే ఆ ఫార్మాలిన్ వాడొద్దు, అది చేపకు విషం. మనకూ ఫార్మాలిన్ మంచిది కాదు. ఆరుబయట, గ్లౌజులు వేసుకుని, పాప దగ్గర లేనప్పుడు చేయండి. మైక్రోస్కోపు కింద చూడకుండా ఫార్మాలిన్ జోలికి పోకపోతేనే నాకు ఇష్టం. చేప మరీ నీరసపడి ఆగే టైం లేకపోతే తప్ప.

ఇప్పుడు నాయనగారి మైలుతుత్తం. ఆయన మాటలో సైన్సు ఉంది, షాపుల్లో అమ్మే కొన్ని కాపర్ మందుల్లో ఉండేది అదే పదార్థం. చిక్కంతా కొలతలో ఉంది. కట్టుబడని మామూలు కాపర్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర పనిచేస్తుంది. 50 లీటర్ల టబ్బుకు 10 మిల్లీగ్రాముల రాగి, అంటే సుమారు 40 మిల్లీగ్రాముల మైలుతుత్తం. చిటికెడులో అంతకు ఎన్ని రెట్లు పడుతుందో మీరే ఊహించండి. ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్లకు కిలో కలిపే చేతికి 40 మిల్లీగ్రాములు ఆనవు, ఇంట్లో తూకాలకూ ఆనవు. కొంచెం తగ్గితే పురుగు చావదు, కొంచెం పెరిగితే చేప చస్తుంది. తోటలకు అమ్మే సరుకులో ఇంకేం కలిసి ఉంటాయో కూడా చెప్పలేం. నిజంగా వెల్వెట్ తేలి కాపర్ వాడాల్సి వస్తే, చేపల కోసమే తయారైన మందు కొని, ఆ మందు రకానికి సరిపోయే టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ, వేరే టబ్బులో మాత్రమే వాడండి. కీలేటెడ్ రకాలకు, అంటే ఇంకో పదార్థంతో కట్టుబడిన కాపర్‌కు, లెక్క వేరు, లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు. సీసా మీద ఏ రకమో చూడకుండా ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే అంతే సంగతులు. అమోనియాను కట్టేసే వాటర్ కండిషనర్లు కాపర్‌తో కలిపి అసలు వాడకండి, రాగి విషం ఎక్కువవుతుంది.

పెద్ద ట్యాంకులో ఏ రకం కాపరూ వద్దు. రొయ్యకు, కోరల్స్‌కు అది ప్రాణాంతకం. లైవ్ రాక్, ఇసుక రాగిని పీల్చుకుంటాయి. మీరు కొలిచే అంకె పడిపోతుంది, ఇంకొంచెం పోస్తారు, నెలల తర్వాత ఆ రాళ్ళు దాన్ని మెల్లగా వదులుతూ ఉంటాయి. మందు టబ్బులో అందానికని కడప బండ ముక్క పెట్టినా ఇదే గొడవ, అదీ సున్నపురాయే.

పసుపు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నీళ్ళు పచ్చబడతాయి, ఫిల్టర్ మూసుకుపోతుంది, గూట్లో ఉన్నది గూట్లోనే ఉంటుంది. మేతలో వెల్లుల్లి కలపమనేవాళ్ళూ ఉన్నారు. చేప ఇష్టంగా తింటే తిననివ్వండి, మందు అనుకోకండి.

మీ ట్యాంగ్‌కు, చుక్కలున్న క్లౌన్‌ఫిష్‌కు నేను చెప్పే వైద్యంలో మందే లేదు. రెండు టబ్బులు, ఉప్పునీళ్ళు, గడియారం చాలు. పురుగు చేపను వదిలి గూడు కట్టాక ఆ గూడు పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుందని పైన చెప్పాను కదా. అంతలోపే చేపను కొత్త టబ్బుకు మార్చేస్తే గూళ్ళన్నీ పాత టబ్బులో మిగిలిపోతాయి. మొదటి రోజు ఒకటో టబ్బులో వేస్తారు. నాలుగో రోజు రెండోది, ఏడో రోజు మళ్ళీ మొదటిది, పదో రోజు రెండోది, పదమూడో రోజుకు పూర్తి. ప్రతిసారీ 72 గంటలు దాటకుండా మార్చాలి. ఆదివారం ఉదయం మొదలుపెట్టి బుధవారం ఆఫీసు పనిలో మరిచిపోయి రాత్రికి మార్చితే, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. పాత టబ్బు నీళ్ళు ఒక్క చుక్క కొత్తదానిలోకి రాకూడదు కాబట్టి వలతో కాకుండా చిల్లుల గిన్నెతో ఎత్తి, నీళ్ళు కారిపోనిచ్చి వేయండి. ట్యాంగ్‌ను పట్టుకునేటప్పుడు జాగ్రత్త, తోక మొదట్లో రెండు వైపులా బ్లేడ్ లాంటి ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటే దానికీ బాధ, మీ వేలికీ బాధ.

ఈ పద్ధతికి మన ఊరి ఎండ పెద్ద సాయం. ఖాళీ అయిన టబ్బు, గాలి రాయి, గొట్టం, హీటర్ అన్నీ కడిగి మేడ మీద ఒక రోజంతా ఎండబెట్టండి. పూర్తిగా ఎండిపోతే గూళ్ళు బతకవు. కోస్తాలో ఉండి వానాకాలంలో ఈ పని చేసేవాళ్ళకు ఈ సుఖం లేదు. టబ్బుల్లో ఇసుక, రాళ్ళు ఉండకూడదు. దాక్కోవడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ ఎల్బోలు రెండు వేయండి చాలు. పెద్ద ట్యాంకు నుంచి స్పాంజి గానీ ఫిల్టర్ సరుకు గానీ తెచ్చి పెట్టకండి, గూళ్ళను మీరే మోసుకొచ్చినట్టవుతుంది. ఫిల్టర్ లేని మూడు రోజుల్లో అమోనియా ప్రమాద స్థాయికి చేరకూడదంటే మేత తక్కువగా వేయాలి, రోజూ టెస్ట్ చేయాలి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి. టబ్బులను వేరే గదిలో ఉంచండి, తుంపర్ల ద్వారా కూడా ఈ జీవులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లో పడతాయి.

ఉప్పు విషయానికొస్తే, 50 లీటర్లకు సుమారు 1.75 కిలోల మెరైన్ సాల్ట్ పడుతుంది, ఐదారు టబ్బులకు పది కిలోల దాకా అవుతుంది. ఖర్చే, కానీ కిరాణా కొట్టు కల్లుప్పుతో ఈ పని జరగదు. నీళ్ళు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. మన జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, కాఠిన్యం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్ఓ నీళ్ళే వాడతారు, సరే. మీ ఇంటి ప్యూరిఫైయర్ మీద కాపర్ అని రాసి ఉందా చూడండి. తాగేవాళ్ళ ఆరోగ్యానికని రాగి కలిపే మెషిన్లు ఇప్పుడు ఇంటింటికీ వచ్చాయి. ఆ నీళ్ళు ఎనిమిది నెలలుగా ట్యాంకులో పోస్తుంటే రొయ్య బతికుండడమే ఆశ్చర్యం. రాగి బిందెలో రాత్రంతా పెట్టిన నీళ్ళు కూడా వద్దు.

నీళ్ళలో ఉప్పు తగ్గించే పద్ధతి కూడా ఇక్ మీద పనిచేస్తుంది. సాంద్రత 1.009 దగ్గర 30 రోజులు నిలపాలి, కొంచెం పెరిగినా ఫలితం ఉండదు. సరిచూసుకున్న రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు కొలిచే పరికరం) లేకుండా, మన వేసవిలో రోజూ లీటర్ల కొద్దీ నీళ్ళు ఆవిరైపోతుంటే, ఆ అంకెను నెల రోజులు పట్టి ఉంచడం కష్టం. అందుకే మీకు చెప్పడం లేదు.

ఇప్పుడు ఖాళీ ట్యాంకు. రొయ్యకు, కోరల్స్‌కు ఇక్ అంటదు, అవి అందులోనే ఉంటాయి. చేపలు లేకుండా 76 రోజులు వదిలేయండి. 72 రోజుల గూడు సంగతి చెప్పాను కదా, పైన నాలుగు రోజులు భద్రత కోసం. వేడి 26, 27 దగ్గరే ఉంచండి, చల్లబడితే గూళ్ళు ఇంకా ఆలస్యంగా పగులుతాయి. రొయ్యకు రెండు రోజులకోసారి చిన్న ముక్క మేత వేయండి, బ్యాక్టీరియాకు కూడా పని దొరుకుతుంది. టబ్బు మార్పిడి అయిపోయిన చేపలు మిగతా రెండు నెలలూ స్పాంజి ఫిల్టర్, సీసాలో దొరికే బ్యాక్టీరియా పెట్టిన మూడో టబ్బులో ఉంటాయి. అక్కడ మంచి మేత వేయండి, ఎలాంటి చుక్కలు తిరిగి వచ్చినా కనిపెట్టడానికి అదే టైం.

పాప కోసం చిన్న చేపలు అడిగారు. ఒక్కటి కూడా వద్దు. ఈ 76 రోజుల్లో ఎప్పుడు ఒక చేపను వేసినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. గడువు తీరాక కొత్తవి తెచ్చినా నెల రోజులు వేరే టబ్బులో పెట్టాకే లోపలికి. ఇప్పుడున్న క్లౌన్‌ఫిష్‌లు దక్కకపోతే అప్పుడు క్లౌన్‌ఫిష్‌ల జతే తెచ్చుకోండి, సముద్రంలో పట్టినవి కాకుండా హ్యాచరీలో పుట్టినవా అని అడిగి మరీ కొనండి. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్‌ఫిష్‌లను హ్యాచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో తయారుచేశారు, బ్రూక్లినెల్లా బెడద ఎక్కువగా సముద్రం నుంచి పట్టి తెచ్చిన వాటితోనే. బ్లూ ట్యాంగ్ మాత్రం బాగుపడ్డాక ఇంకా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకు ఇచ్చేయడమే న్యాయం. అది 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, రోజంతా ఈదుతూనే ఉంటుంది, 200 లీటర్లలో దానికి చోటు చాలదు. చోటు చాలని చేప ఎప్పుడూ నలుగుతూ ఉంటుంది, తెల్లచుక్కలు ముందు పట్టేది అలాంటి చేపనే.